మంత్రసాని మొదలు సిస్టరమ్మ దాకా

మా పొన్నూరులో భావనారాయణస్వామి గుడి చరిత్ర చెప్పగలవారు చాలామంది ఉన్నారు. ఊళ్ళో తరాల తరబడి బొడ్డు కోసిన మంత్రసానుల పేర్లు అడిగితే మాత్రం వారందరూ తడుముకొంటారు. రోగుల సేవకు సంబంధించిన చరిత్రను చదువుతున్నంతసేపూ నాకు ఈ సంగతే గుర్తుకు వచ్చింది.

చరక సంహిత సూత్రస్థానం తొమ్మిదవ అధ్యాయం చికిత్సకు నాలుగు పాదాలని చెబుతుంది. వైద్యుడు, ఔషధం, ఉపస్థాత, రోగి. ఉపస్థాత అంటే దగ్గర ఉండి ఉపచారం చేసే మనిషి. ఉపచారం తెలిసి ఉండటం, నేర్పు, రోగిపై అనురాగం, శుచి - ఈ నాలుగూ ఆ మనిషికి ఉండవలసిన గుణాలు. నేటి నర్సింగు పాఠశాలలో మొదటిరోజు చెప్పే పాఠం ఇంతకంటె భిన్నంగా ఉండదు. నాలుగు పాదాలలో ఒకటి లోపించినా చికిత్స కుంటుతుందని శాస్త్రం అన్నది. లోకం మాత్రం మూడవ పాదాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

శాసనాలలో ఆ పాదం జాడ అక్కడక్కడా కనబడుతుంది. చెంగల్పట్టు దగ్గరి తిరుముక్కూడల్‌లో వీరరాజేంద్ర చోళుని కాలపు శాసనం (క్రీ.శ. 1069) పదిహేను పడకల ఆతురశాలను వర్ణిస్తూ, వైద్యునితోపాటు రోగులకు మందులు చూసే ఇద్దరు స్త్రీలను కూడా పేర్కొన్నది. మన గుంటూరు సీమలోనే మల్కాపురం శాసనం (1261) ఉన్నది. రుద్రమదేవి గోళకీ మఠ గురువు విశ్వేశ్వర శివాచార్యులకు మందడం, వెలగపూడి గ్రామాలను దానమిచ్చింది. ఆయన నెలకొల్పిన ధర్మసంస్థలలో ఆరోగ్యశాల, ప్రసూతిశాల కూడా ఉన్నాయి. నేడు రాష్ట్ర సచివాలయం ఉన్న వెలగపూడి ఆదాయంలో కొంత ఏడువందల అరవై ఏళ్ళ క్రితం బాలింతల కోసం ఖర్చయినదన్నమాట! దాత పేరు, గురువు పేరు బడిపిల్లలకు కూడా తెలుసు. ఆ ప్రసూతిశాలలో రాత్రుళ్ళు మేలుకొన్న స్త్రీల పేర్లను మాత్రం ఏ చరిత్ర పుస్తకమూ చెప్పుకోదు.

ఆధునిక నర్సింగు అనగానే ఫ్లారెన్స్ నైటింగేల్ పేరు వస్తుంది. 1854లో క్రిమియా యుద్ధరంగానికి వెళ్ళిన ఆమె, 1860లో లండనులో శిక్షణాలయం ప్రారంభించి, దాసీ పనిగా చూసే పనిని చదువుకొని చేసే వృత్తిగా నిలబెట్టింది. మద్రాసు జనరల్ ఆస్పత్రిలో నర్సుల శిక్షణ 1871లో మొదలయింది. గుంటూరుకు 1883లో అమెరికా లూథరన్ మిషను తరఫున డాక్టర్ అన్నా సారా కుగ్లర్ వచ్చింది. మగ వైద్యునికి నాడి కూడా చూపించని ఘోషా స్త్రీలున్న కాలమది. 1898లో ఆమె స్త్రీలకు, పిల్లలకు ఆస్పత్రి తెరిచింది. కేథరిన్ ఫాస్ వంటి నర్సులు ఆమెకు తోడయ్యారు. తమ కుటుంబానికి అందిన వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు జమీందారు మంత్రిప్రగడ భుజంగరావు ఆస్పత్రి ఎదుట సత్రం కట్టించారు. కుగ్లర్ 1930లో గుంటూరులోనే కన్నుమూసింది.

అయితే ఆ తొలినాళ్ళలో తెల్లచీర కట్టి గాయాలు కడిగిన తెలుగు అమ్మాయిలు ఎవరు? అధికభాగం మిషను బడులలో చదువుకొన్న క్రైస్తవ బాలికలు. అందులో దళిత కుటుంబాల నుండి వచ్చినవారే ఎక్కువ. పురిటి మైల, చీమూ నెత్తురూ తాకితే కులం పోతుందనుకొన్న ఇళ్ళ ఆడపిల్లలు ఆ పనికి రాలేదు. శాస్త్రం శుచిని ఉపస్థాత గుణమన్నది. ఆచారం ఆ ఉపస్థాతనే అశుచి అన్నది.

మా నాయనమ్మకు ఒక కాన్పు కష్టమయితే నిడుబ్రోలులో రైలెక్కించి, తెనాలిలో మారి, గుంటూరులో ఒక ఆస్పత్రికి తీసుకువెళ్ళారట. నర్సు అందించిన మంచినీళ్ళను మొదటిరోజు ముట్టలేదట. మూడవరోజు ఒళ్ళు కాలిపోయే జ్వరంలో ఆమె చేతి గంజే తాగింది. "ఆ పిల్ల లేకపోతే మీ నాన్న లేడురా" అని చెప్పి కళ్ళు తుడుచుకొనేది. ఆమె పేరేమిటే అని నేను ఒకసారి అడిగాను. నాయనమ్మ కాసేపు ఆలోచించి, "అడగలేదురా" అన్నది.

మద్రాసు రాష్ట్రం 1926లో నర్సులు, మంత్రసానుల చట్టం చేసింది. అప్పటినుండి శిక్షణ పొందినవారి పేర్లు ఒక రిజిస్టరులోకి ఎక్కడం మొదలయింది. 1946లో భోర్ కమిటీ దేశంలో సుమారు 43,000 మందికి ఒక్క నర్సు ఉన్నదని తేల్చింది. 1947లో భారత నర్సింగు మండలి చట్టం వచ్చింది. 2023లో దాని స్థానంలో జాతీయ నర్సింగు, మంత్రసానుల కమిషను చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది. నేడు మన జిల్లాల నుండి నర్సింగు చదివి విదేశాలకు వెళ్ళే అమ్మాయిలలో అన్ని కులాలవారూ ఉన్నారు. గౌరవం జీతంతోపాటు వచ్చింది. ఆ గౌరవానికి దారి వేసినవారు మాత్రం జీతమూ గౌరవమూ రెండూ తక్కువైన రోజులలోనే వచ్చారు.

చట్టాలు పేర్లను రిజిస్టరులోకి ఎక్కించగలిగాయి. మనం వాటిని ఇంట్లో గుర్తు పెట్టుకోవాలి. ఈసారి ఆస్పత్రికి వెళ్ళినప్పుడు "సిస్టర్" అని పిలిచే ముందు ఆమె పేరు అడుగుదామని అనుకొన్నాను. మా నాయనమ్మ తీర్చుకోలేకపోయిన బాకీలో ఆ మాత్రమైనా తీరుతుంది. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళకు పురుడు పోసిన మంత్రసాని పేరు ఎవరికైనా గుర్తుంటే, దయచేసి ఎక్కడయినా రాసి ఉంచండి.