కుండ అమ్మొద్దన్నారు: నెల్లూరు తీరాన పల్లె వంట

నెల్లూరు వంట అనగానే రెండే గుర్తొస్తాయి. ఒకటి మొలగొలుకుల అన్నం, రెండోది చేపల పులుసు. చెన్నైలోనైనా హైదరాబాదులోనైనా బోర్డు మీద నెల్లూరు పేరు రాస్తే చాలు, హోటలుకు గిరాకీ. నెల్లు పండే ఊరు గనక నెల్లూరు అయిందని కూడా చెబుతారు. సరే, ఆ నెల్లు నాటిందెవరు? కోసిందెవరు? కోసినోళ్ల సట్టిలో ఏం ఉడికింది? వంటను ఊరి గొప్పగా చెప్పుకునేవాళ్లు ఈ ప్రశ్న వేసుకోరు. మనం వేసుకోవాలి.

పెన్న మీద 1855లో నెల్లూరు ఆనకట్ట, 1886లో సంగం ఆనకట్ట వచ్చాయి. మాగాణి పెరిగింది. నాటేదీ కోసేదీ మాల మాదిగలు. వాళ్లింట్లో మాత్రం వరన్నం పండగపూట తిండి. రోజూ తినేది సంగటి, అంబలి, పొద్దున రాత్రి మిగిలిన సద్దికూడు. అందులోకి కాలవలో పట్టిన జెల్లలు, పరిగెలు, పొలం గట్టున దొరికిన ఎండ్రకాయలు, నత్తలు. ఏమీ దొరకని రోజు రొయ్యపొట్టు. దాన్ని వట్టి మూకుట్లో వేయించి, చేటలో చెరిగి ఇసక పోగొట్టి, ఎండుమిరపకాయలు, తెల్లగడ్డ, చింతపండు పెట్టి దంచుతారు. గుప్పెడు పొడితో ఇంటిల్లిపాదీ సంగటి తినొచ్చు. ఉప్పూ కారమూ పులుపూ అన్నీ అందులోనే. తక్కువ కూరతో ఎక్కువ ముద్దలు దించుకోవడం ఎట్లాగో తెలిసినోళ్లు చేసిన వంట ఇది. దీన్ని 'పేదల తిండి' అని జాలిపడేవాళ్లకు అందులోని తెలివి కనపడదు.

ఇక మాంసం సంగతి. ఊళ్లో గొడ్డు చస్తే మోసుకుపోవాల్సింది మాదిగలు. తోలు తీసి చెప్పులు, మోట బొక్కెనలు కుట్టి రైతుకియ్యాలి. ఆ వెట్టికి కూలి చచ్చినగొడ్డు మాంసం. తాజాగా తిన్నంత తిని, మిగిలింది కోసి ఉప్పు రాసి ఎండ్లో తీగల మీద ఆరేసేవాళ్లు. ఆ ఎండు తునకలే వానాకాలంలో పనుల్లేని రోజుల్ని దాటించేవి. రుచి లేదని నేననను. కానీ ఆ రుచి ఎవరు నిర్ణయించిన బతుకులోంచి వచ్చిందో మరిచిపోకూడదు.

దీనికి ఎదురు తిరగడం నెల్లూరు జిల్లాలోనే, అంబేద్కర్ పుట్టకముందే మొదలైంది. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోదే, 1904లో కొత్తగా ఏర్పడిన గుంటూరు జిల్లాలోకి పోయింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, తోళ్ల వ్యాపారి, ఆ మతాన్ని పల్లెపల్లెకూ తీసుకుపోయాడు. మతంలో చేరిన మాదిగలకు మూడు నియమాలు: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చినగొడ్డు తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. చూడ్డానికి ఇవి భక్తి నియమాలు. ఊరి భూస్వాములకు మాత్రం వెంటనే అర్థమైంది, ఇది పని మానేయడమని. ఆదివారం కోతకు రారు, డప్పు కొట్టరు, చచ్చినగొడ్డును కూలి కింద తీసుకోరు. అంటే వెట్టి కదులుతోంది.

వాళ్లు ఏం చేశారో క్లౌ చెప్పగా ఆయన భార్య రాసి 1914లో అచ్చువేసిన పుస్తకంలో ఉంది. చాకలిని బట్టలు ఉతకొద్దన్నారు. పల్లె గొడ్లను ఊరి బీళ్లలోంచి తోలేశారు. చెప్పుల పని ఇవ్వలేదు. కోతల్లోకి రానీలేదు, ఏడాది గింజలు పోయాయి. కుమ్మరిని మాదిగలకు కుండలు అమ్మొద్దన్నారు.

ఈ చివరి మాట దగ్గర ఆగాలి. చరిత్రకారులు దీన్ని వేధింపుల జాబితాలో ఒకటిగా చదివి దాటిపోతారు. వంట చేసే మనిషికి అది జాబితాలో ఒకటి కాదు. మట్టి సట్టి ఇనపగూటం కాదు, ఏడాదిలో ఎన్నో పగులుతాయి. నీళ్లకు కుండ, కూటికి కుండ, పులుసుకు సట్టి, గంజికి ముంత. కొత్తదాన్ని గంజి పోసి కాచి పదును చేస్తేగాని వంటకు పనికిరాదు. కుండ ఆగితే పొయ్యి ఆగినట్టే. కుమ్మరి కూడా తన ఇష్టానికి ఆపలేదు, ఊరి మాట కాదంటే అతని బతుకూ పోతుంది. కులం తన పని ఇట్లా ఇంకో కులం చేతే చేయిస్తుంది.

పదేళ్లకు 1876–78 కరువు వచ్చింది. సర్కారు పనుల్లో సర్ రిచర్డ్ టెంపుల్ పెట్టిన కూలి, ఎండలో రోజంతా తవ్వే మగమనిషికి ఒక పౌను గింజలు, ఒక అణా. ఇప్పటి లెక్కలో 450 గ్రాములు. ఆడవాళ్లకు ఇంకా తక్కువ. అది చాలదని మద్రాసు వైద్యాధికారి కార్నిష్ వాదించాల్సొచ్చింది. బకింగ్‌హాం కాలవ పనుల్లో మూడున్నర మైళ్లు క్లౌ కాంట్రాక్టు తీసుకుని మాదిగలకు పని ఇచ్చాడు. ఉప్పూ ధాన్యమూ పడవల మీద పోయిన ఆ కాలవలో మన గంపలు మోసిన మట్టి ఉంది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వేలంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కూటి కోసం మతం మారారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. కరువుకు పదేళ్ల ముందే కూలి మాంసాన్ని కాదని, కుండలు పోగొట్టుకున్నవాళ్ల సంగతి వాళ్లకు తెలియదు, లేదా తెలిసీ చెప్పరు.

1927లో మహద్‌లో అంబేద్కర్ చచ్చినగొడ్డు మానమని పిలుపిచ్చారు. 1948లో అంటరానివారి పుట్టుక మీద రాసిన పుస్తకంలో గొడ్డుమాంసానికీ అంటరానితనానికీ ఉన్న లంకెను వాదించారు. ఆ మానడం ఆత్మగౌరవమే, అనుమానం లేదు. కానీ నాకో ఇబ్బంది ఉంది. చచ్చినదాన్ని మానండి అన్న మాట జారిజారి గొడ్డుకూర అంటేనే సిగ్గు అనేదాకా వచ్చింది. కొనుక్కొచ్చి వండుకున్న కూరను కూడా చుట్టాలొస్తే మూతపెట్టి దాచే ఇళ్లు మన పల్లెల్లో ఉన్నాయి. కూలిని కాదన్నవాళ్ల మనవళ్లు కూరనే దాచుకోవడం ఏ లెక్క?

1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక సంగటి వెనకబడింది, వరన్నం రోజువారీ అయింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అన్నది. మనం వదిలిన రాగుల్ని ఊరు పట్నాల్లో ప్యాకెట్లలో కొంటోంది. హోటళ్లలో చేపల పులుసు మట్టి సట్టిలో పెడితే ఎక్కువ ధర. మన ఇళ్లలో మాత్రం సత్తుగిన్నెలు, స్టీలు గిన్నెలు. మట్టిరుచి తెలియక కాదు. సత్తుగిన్నె సంతలో దొరుకుతుంది. డబ్బిస్తే ఇస్తారు. దానికి ఊరి అనుమతి అక్కర్లేదు.