ముందు అడగాలి, తర్వాతే చెప్పాలి

1940లలో అమెరికాలోని బోస్టన్ వైఎంసీఏలో పెద్దవాళ్లకు తరగతులు నడిచేవి. పగలంతా ఉద్యోగాలు చేసుకునేవాళ్లు సొంత ఇష్టంతో వచ్చేవారు. పాఠం నచ్చకపోతే మళ్లీ వచ్చేవారు కాదు. పరీక్షలతోనో హాజరుతోనో బెదిరించి కూర్చోబెట్టే వీల్లేదు. ఆ తరగతుల బాధ్యత మాల్కం నోల్స్ అనే యువకుడిది.

ఖగోళశాస్త్రం చెప్పడానికి ఆయన ముందు ఒక యూనివర్సిటీ ప్రొఫెసర్‌ను పిలిచారు. ప్రొఫెసర్ పాత నోట్సు తీసి చదువుకుంటూ పోయారు. చూస్తుండగానే గది ఖాళీ అయింది. తర్వాత నక్షత్రాలంటే పిచ్చి ఉన్న ఒక ఔత్సాహికుడికి ఆ పని అప్పగించారు. ఆయన అందరినీ మేడ మీదికి తీసుకెళ్లి ఆకాశం చూడమన్నారు. ఏం కనిపిస్తోంది, ఏం తెలుసుకోవాలని ఉంది అని అడిగారు. వాళ్ల ప్రశ్నల మీదే పాఠాలు నడిచాయి. నోల్స్ తర్వాతి కాలంలో తరచూ చెప్పుకున్న అనుభవం ఇది.

పెద్దల చదువు వాళ్ల జీవితంలోని సమస్యల నుంచే మొదలవ్వాలని ఎడ్వర్డ్ లిండెమన్ 1926లోనే రాశారు. ఉద్యోగం తొలిరోజుల్లో నోల్స్‌కు దారి చూపింది ఆయనే. 1960లలో యుగోస్లావియా విద్యావేత్త దుషాన్ సావిచెవిచ్ ద్వారా ‘ఆండ్రగోగీ’ (పెద్దలకు నేర్పే విద్య) అనే పేరు నోల్స్ చెవిన పడింది. 1970లో ఆ మాటను శీర్షికలో చేర్చుకుని ఆయన పుస్తకం వచ్చింది. అందులో నాలుగు మాటలు ముఖ్యం. పెద్దవాళ్లు తమ నిర్ణయాలు తామే తీసుకోవాలనుకుంటారు. చేతిలో అనుభవం ఉంటుంది. తమ బాధ్యతలకు అక్కరకొచ్చేదే నేర్చుకుంటారు. ఎప్పుడో పనికొచ్చే విషయం కాదు, ఇప్పటి చిక్కుకు దారి కావాలంటారు. పెద్దలకో పద్ధతి, పిల్లలకో పద్ధతి అని గిరి గీశారన్న విమర్శలూ వచ్చాయి. 1980 ముద్రణలో నోల్స్ ఆ గీతను సడలించారు.

ఇదంతా కొత్త టీచర్లకు ఎలా వర్తిస్తుంది? 1975లో డాన్ లోర్టీ అనే సామాజిక శాస్త్రవేత్త ఒక లెక్క చెప్పారు. బడి చదువు ముగిసేసరికి విద్యార్థి దాదాపు 13,000 గంటలు టీచర్లను చూస్తూ గడుపుతాడట. అంటే కొత్త టీచర్ ఖాళీ చేతులతో రాడు. తనకు పాఠాలు చెప్పిన టీచర్ల అలవాట్లన్నీ వెంటబెట్టుకుని వస్తాడు. పైనుంచి ఎన్ని సలహాలు గుప్పించినా ఆ అలవాట్లు కదలవు. తన తరగతిలో ఏం జరుగుతోందో తానే చూసుకుంటేనే కదులుతాయి.

కాలిఫోర్నియాలోని శాంటాక్రూజ్‌లో 1988లో ఎలెన్ మోయిర్ నాయకత్వంలో మొదలైన కొత్త టీచర్ల కార్యక్రమం ఈ దారిలోనే నడిచింది. అనుభవజ్ఞులైన టీచర్లను తరగతి పని నుంచి పూర్తిగా తప్పించి మెంటర్లుగా పెట్టారు. వారం వారం కొత్త టీచర్‌ను కలవడమే వాళ్ల పని. అక్కడ రూపుదిద్దుకున్న పద్ధతిలో సంభాషణ రాసుకునే కాగితం మీద నాలుగు గళ్లుంటాయి: ఏది బాగా సాగుతోంది, ఎక్కడ ఇబ్బంది, టీచర్ తర్వాత ఏం చేస్తారు, మెంటర్ ఏం చేస్తారు. మొదటి గడిలో తప్పుల జాబితా ఉండదు. చివరి గడి మెంటర్‌కూ పని అప్పగిస్తుంది. తనిఖీకీ మెంటరింగ్‌కీ తేడా ఆ రెండు గళ్లలోనే ఉంది.

మన దగ్గరా డీఎస్సీ నెగ్గి వేలమంది కొత్తగా బడుల్లో చేరుతున్నారు. చదువు, ఉపాధ్యాయ శిక్షణ, పోటీ పరీక్ష అన్నీ దాటి వచ్చినవాళ్లు. వాళ్లను కూర్చోబెట్టి ఉపన్యాసం ఇస్తే మర్యాద కోసం వింటారు, తరగతికి వెళ్లి పాత దారే పడతారు. సీనియర్ టీచర్లకు ఒక్క మనవి: కొత్త టీచర్ పాఠం చూశాక మీ అభిప్రాయం కాసేపు ఆపుకోండి. వెనక బెంచీ పిల్లల్లో ఎవరెవరు నోరు విప్పారో కాగితం మీద గుర్తుపెట్టి, అది టీచర్ చేతిలో పెట్టండి. ‘మీకేమనిపించింది?’ అని అడగండి. తనకు తోచిన మార్పును మర్నాడే చేసి చూడనివ్వండి.