ఒంటేలు బెల్లు: బడికి ముందు నేర్చుకునే మొదటి పాఠం కథ

పోయినేడాది మా అక్క ప్రొద్దుటూరు నుంచి ఫోన్ చేసింది. పాపకి మూడేళ్ళు నిండాయి, నర్సరీలో సీటు అడిగితే "ముందు డైపర్ మానిపించండి" అన్నారంట. అక్క ఒకటే టెన్షన్. పక్క నుంచి మా అవ్వ గొంతు వినపడింది: "ఏమ్మే, మా కాలంలో ఇదంతా యాడుండాది? మీకెవురు నేర్పినారు?"

నవ్వొచ్చింది. కానీ ప్రశ్న మంచిదే కదా. నిజంగా ఎవరు నేర్పారు? ఇవాళ్టి ఎపిసోడ్ అదే.

అవ్వకి తెలీకుండానే అవ్వ నేర్పింది. నెలల పిల్లని రెండు కాళ్ళ మీద కూర్చోబెట్టుకుని "స్స్స్" అనడం మీరూ చూసుంటారు. ఆ శబ్దం ఒక సిగ్నల్. పాలు తాగాక, నిద్ర లేచాక, రోజూ అదే టైముకి అదే శబ్దం. కొన్నాళ్ళకి ఒళ్ళే అలవాటు పడుతుంది. ఇది మన ఒక్కళ్ళ టెక్నిక్ కాదు. తూర్పు ఆఫ్రికాలో డిగో అనే తెగ తల్లులు పుట్టిన కొన్ని వారాలకే ఇలా మొదలుపెడతారనీ, ఐదారు నెలలకే పిల్లలు చాలావరకు పొడిగా ఉంటారనీ 1977లో ఒక అమెరికా వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది.

మన దగ్గర దీనికి ఇంకో కారణం ఉందని నాకనిపిస్తుంది. నీళ్ళు. కర్నూలు, కడప పల్లెల్లో బిందె నెత్తిన పెట్టుకుని నీళ్ళు మోసుకొచ్చే ఇంట్లో, తడిసిన ప్రతి పాత చీర గుడ్డా అరబిందె ఖర్చు. బిడ్డ ముఖం చూసి ముందే కనిపెట్టడం ఆ తల్లికి అవసరం. పైగా పిల్లోడికి మొలతాడు తప్ప ఏమీ ఉండదు. జిప్పు లేదు, గుండీ లేదు, తలుపు గడియ లేదు. దిబ్బ పక్కకి పరిగెత్తితే చాలు.

ఇప్పుడు అమెరికా వెళ్దాం. 1961లో పాంపర్స్ మార్కెట్లోకి వచ్చింది. మరుసటి ఏడాది, 1962లో, బ్రేజల్‌టన్ అనే పిల్లల డాక్టర్ 1,170 మంది పిల్లల రికార్డులతో ఒక పేపర్ రాశాడు. బలవంతం చేయొద్దు, పిల్లలు రెడీ అయ్యేదాకా ఆగండి అన్నాడు. వాళ్ళకి పగటిపూట అలవాటైన సగటు వయసు 28.5 నెలలు. తిట్లు, దెబ్బలు తగ్గాలన్న ఆయన మాట మంచిదే. కానీ డైపర్లో తడి తెలీదు, తడి తెలీకపోతే నేర్చుకోవాలన్న తొందరా ఉండదు.

మన వైపు ఇంకోటి మారింది, బడి వయసు. ఒకప్పుడు ఐదేళ్ళకి అక్షరాభ్యాసం చేసి పలక ఇచ్చి పంపేవాళ్ళు. 1975 అక్టోబర్ 2న దేశంలో 33 ప్రాజెక్టులతో ఐసీడీఎస్ మొదలైంది, అంగన్‌వాడీలు వచ్చాయి, మూడేళ్ళ పిల్లలు ఇల్లు దాటారు. తర్వాత ప్రైవేటు నర్సరీలు. అంటే పరీక్ష రెండేళ్ళు ముందుకొచ్చింది, ప్రిపరేషన్ ఏమో వెనక్కి పోయింది.

మరి బళ్ళు రెడీగా ఉన్నాయా? నేను చదివిన ప్రైమరీ స్కూల్లో ఇంటర్వెల్‌ని "ఒంటేలు బెల్లు" అనేవాళ్ళం. ఒంటి వేలు చూపిస్తే ఒకటికి, రెండు వేళ్ళు చూపిస్తే రెండుకి. మగపిల్లలం కంపచెట్ల చాటుకి పోయేవాళ్ళం. ఆడపిల్లలు ఎక్కడికి పోయేవాళ్ళో నేనెప్పుడూ ఆలోచించలేదు. పొద్దున్నుంచి నీళ్ళు తాగకుండా సాయంత్రం దాకా ఆపుకునేవాళ్ళమని నా క్లాస్‌మేట్ మొన్న చెప్పింది. సిగ్గేసింది.

2010 ఏప్రిల్ నుంచి విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది, బాలబాలికలకి వేరు వేరు టాయిలెట్లు ఉండాలంది. 2012 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఆరు నెలల గడువు పెట్టింది. 2014 ఆగస్టు 15న ఎర్రకోట మీద ప్రధాని ప్రకటించారు, ఏడాదిలో 4.17 లక్షల టాయిలెట్లు కట్టామని కేంద్రం చెప్పింది. కానీ ప్రభుత్వ రంగ సంస్థలు కట్టినవాటిలో కొన్నిటిని కాగ్ వెళ్ళి చూసి 2020లో రిపోర్ట్ ఇచ్చింది: 72 శాతం వాటిలో లోపల నీళ్ళ సదుపాయం లేదు. మన రాష్ట్రంలో 2019 నవంబర్ 14న ఒంగోలులో మొదలైన నాడు-నేడు తొలి విడతలో 15,715 స్కూళ్ళు తీసుకున్నారు. అందులో నీళ్ళొచ్చే టాయిలెట్లు కూడా ఒక భాగం. గోడలు కట్టడం ఈజీ, కుళాయిలో నీళ్ళు రప్పించడమే కష్టం. ఇది రాయలసీమ వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు.

మళ్ళీ పాప దగ్గరికొద్దాం. డైపర్ తీసేసి, ఎలాస్టిక్ చెడ్డీ వేసి, టైము ప్రకారం కూర్చోబెట్టి అవ్వే కొన్ని వారాల్లో నేర్పించింది. స్కూల్లో చేరిన మూడో రోజే బట్టలు తడుపుకుని వచ్చింది. ఎందుకో తెలుసా? పాప "దొడ్డికి" అనింది. వేరే ఊరి నుంచి వచ్చిన మిస్‌కి ఆ మాట అర్థం కాలేదు. పాపకి పని వచ్చు, అడిగే మాట రాదు.

అందుకే బడికి పంపే ముందు మూడు చూడండి. బిడ్డ తన చెడ్డీ తను దించుకోగలదా? తన మాట టీచర్‌కి తెలుసా? ఆ టాయిలెట్లో నీళ్ళున్నాయా? మొదటి రెండూ మన పని. మూడోది మాత్రం అడ్మిషన్ రోజు మనం స్కూల్‌ని అడగాల్సిన ప్రశ్న. వాళ్ళు కండిషన్ పెట్టినప్పుడు మనమూ ఒకటి పెట్టొచ్చు కదా.

మీ ఇంట్లో, మీ ఊళ్ళో దీన్ని ఏమనేవాళ్ళో కామెంట్లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.