ఓడ నుంచి విమానం దాకా.. ఇంధనం నడిచే దారి

* ఉత్తర సముద్రం, ఎన్నూరు ప్రమాదాలు చెప్పే పాఠం ఒక్కటే
* టెర్మినళ్ల చెంత నివసించేవారికి తెలియాల్సిన విషయాలు

చర్లపల్లి: కుషాయిగూడ నుంచి చర్లపల్లి పారిశ్రామికవాడ వైపు వెళ్లేవారికి రోడ్డు పక్కన బారులు తీరిన ఆయిల్ ట్యాంకర్లు నిత్యం కనిపించే దృశ్యమే. ఒకవైపు ఆయిల్ కంపెనీల టెర్మినళ్లు, మరోవైపు వంటగ్యాస్ సిలిండర్లు నింపే కేంద్రాలు, వాటిని ఆనుకొని కాలనీలు. సముద్రం ఇక్కడికి వందల కిలోమీటర్ల దూరం. అయినా ఇక్కడి ట్యాంకర్లలో నిండే ఇంధనంలో అత్యధిక భాగం ఒకప్పుడు ఓడలో ముడి చమురుగా ప్రయాణించినదే. దేశానికి కావాల్సిన ముడి చమురులో 85 శాతానికి పైగా విదేశాల నుంచి వస్తుండటమే ఇందుకు కారణం. అందువల్ల సముద్రంలో రెండు ఓడలు ఢీకొన్నాయన్న వార్త చర్లపల్లికి పరాయి వార్త కాదు.

ఉత్తర సముద్రంలో ఏం జరిగింది?

2025 మార్చి 10 ఉదయం ఇంగ్లండ్ తూర్పు తీరంలో, హంబర్ నదీముఖానికి సమీపంలో ‘స్టెనా ఇమ్మాక్యులేట్’ అనే అమెరికా ట్యాంకరు లంగరు వేసి నిలిచి ఉంది. గ్రీస్ నుంచి వచ్చిన ఆ ఓడలో అమెరికా సైన్యం అవసరాల కోసం తెచ్చిన విమాన ఇంధనం సుమారు 2.20 లక్షల బ్యారెళ్లు ఉంది. స్కాట్లాండ్‌లోని గ్రేంజ్‌మౌత్ నుంచి నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌కు వెళ్తున్న ‘సొలాంగ్’ అనే కంటైనర్ నౌక వేగం తగ్గించకుండా వచ్చి దానిని ఢీకొట్టింది. ఇంధన ట్యాంకు చీలిపోయి రెండు నౌకలూ మంటల్లో చిక్కుకున్నాయి. వాటిలోని 37 మందిలో 36 మందిని రక్షించగా, సొలాంగ్ సిబ్బందిలో ఒకరు గల్లంతై మరణించారు. ఆ నౌక కెప్టెన్‌పై బ్రిటన్ పోలీసులు ఘోర నిర్లక్ష్యంతో మరణానికి కారణమైనట్లు కేసు నమోదు చేశారు.

బ్రిటన్ నౌకా ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఇచ్చిన ప్రాథమిక నివేదికలో గమనించదగిన అంశం ఒకటి ఉంది. ప్రమాద సమయంలో రెండు నౌకల్లోనూ చుట్టుపక్కల కనిపెట్టి చూసేందుకే ప్రత్యేకంగా నియమించిన కాపలా మనిషి బ్రిడ్జిపై లేడు. పైగా ఆ ప్రాంతంలో అక్కడక్కడా మంచు కమ్మి ఉంది. రాడార్లు, ఉపగ్రహ పరికరాలు ఎన్ని ఉన్నా, కళ్లప్పగించి చూసే మనిషి లేకపోతే ఏం జరుగుతుందో ఈ ప్రమాదం తెలియజెప్పింది.

ఆ ఓడలోని సరుకు ఎంతో మన లెక్కలో చూద్దాం. ఒక బ్యారెల్ అంటే సుమారు 159 లీటర్లు. ఆ ప్రకారం 2.20 లక్షల బ్యారెళ్లు సుమారు 3.5 కోట్ల లీటర్లు అవుతుంది. మన రోడ్లపై తిరిగే 20 వేల లీటర్ల ట్యాంకర్లయితే 1,750 కావాలి. గూడ్సు రైలులో ఒక్కో వాగనుకు సుమారు 70 వేల లీటర్ల చొప్పున 50 వాగన్లు ఉంటాయనుకుంటే పది రైళ్లు పడతాయి. మనం తరచుగా ఎక్కే ఎయిర్‌బస్ ఎ320 విమానం ట్యాంకుల్లో సుమారు 24 వేల లీటర్లు పడుతుంది. అంటే ఆ ఒక్క ఓడ ఇంధనంతో అలాంటి విమానాలను 1,450 సార్లు నింపవచ్చు.

మన తీరంలో ఎన్నూరు

ఇటువంటి ప్రమాదం మన పొరుగునా జరిగింది. 2017 జనవరి 28 తెల్లవారుజామున చెన్నైకి ఉత్తరాన ఎన్నూరులోని కామరాజర్ పోర్టు వెలుపల రెండు ట్యాంకర్లు ఢీకొన్నాయి. గ్యాస్ దించి బయటకు వెళ్తున్న ‘బీడబ్ల్యూ మేపుల్’, పెట్రోలియం ఉత్పత్తులతో లోపలికి వస్తున్న ‘డాన్ కాంచీపురం’ అనే నౌకలవి. సరుకు ట్యాంకులు సురక్షితంగానే ఉన్నా, నౌక ఇంజిను కోసం వాడే చిక్కటి ఫర్నేస్ ఆయిల్ సముద్రంలోకి కారింది. లీకేజీ లేదని తొలుత చెప్పినప్పటికీ, తర్వాత నల్లటి జిడ్డు తీరాన్ని కమ్మేసింది. వందల మంది కార్మికులు, వాలంటీర్లు బకెట్లతో ఆ జిడ్డును ఎత్తిపోయాల్సి వచ్చింది. చేపలు కొనేవారు లేక మత్స్యకారులు వీధిన పడ్డారు.

ఈ రెండు ప్రమాదాల మధ్య ఒక తేడా ఉంది. విమాన ఇంధనం పల్చటిది. నీటిపై పడితే చాలా భాగం ఆవిరైపోతుంది గానీ, నిప్పు తగిలితే వెంటనే అంటుకుంటుంది. ఫర్నేస్ ఆయిల్ అంత తేలిగ్గా మండదు గానీ, తీరాన్ని అంటిపెట్టుకొని వదలదు. మొదటిదానిలో ముప్పు మంట, రెండోదానిలో ముప్పు మడ్డి.

విమాన ఇంధనం అంటే..

జెట్ విమానాల్లో వాడే ఇంధనాన్ని మన దేశంలో ఏటీఎఫ్ అంటారు. దీని అంతర్జాతీయ రకం పేరు జెట్ ఎ-1. ఒకప్పుడు రేషన్ దుకాణంలో తెచ్చుకొని స్టవ్వులో పోసుకున్న కిరోసిన్‌కు ఇది దగ్గరి బంధువే. అయితే దీనిని అంతకంటే ఎంతో శుద్ధి చేస్తారు. మైనస్ 47 డిగ్రీల చలిలోనూ ఇది గడ్డకట్టకూడదు. ఆకాశంలో పది కిలోమీటర్ల ఎత్తున ఉండే చలిని తట్టుకోవడానికే ఈ నిబంధన. 38 డిగ్రీల కంటే తక్కువ వేడిలో నిప్పురవ్వకు అంటుకునేంత ఆవిరిని వదలకూడదన్నది మరో నిబంధన. మే నెలలో మన ఎండ ఆ హద్దును సులువుగా దాటుతుంది. అందుకే టెర్మినళ్లలో నిప్పు విషయంలో అంత కఠినంగా వ్యవహరిస్తారు.

ఇందులో నీటిచుక్క కూడా ఉండకూడదు. 2008 జనవరి 17న బీజింగ్ నుంచి వచ్చిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 777 విమానం లండన్ హీత్రూలో రన్‌వేకు చేరకముందే నేలకు దిగిపోయింది. ఇంధనంలో సహజంగా ఉండే కొద్దిపాటి నీరే మంచుగా మారి, ఇంజిన్లకు ఇంధనం అందకుండా అడ్డుపడిందని దర్యాప్తులో తేలింది. అందులోని 152 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. అందువల్ల ఏటీఎఫ్ చేతులు మారే ప్రతి చోటా నమూనా తీసి చూస్తారు. సాంద్రత కొలుస్తారు, అడుగున చేరిన నీటిని వంపేస్తారు, వడపోత యంత్రాల గుండా పంపుతారు. విమానంలో నింపే ముందు తీగతో విమానాన్నీ, ఇంధన వాహనాన్నీ కలుపుతారు. ఇంధనం పారేటప్పుడు పుట్టే స్థిర విద్యుత్తు నిప్పురవ్వగా మారకుండా ఈ జాగ్రత్త.

హైదరాబాద్‌కు చేరే దారి

తెలంగాణలో చమురు శుద్ధి కర్మాగారం లేదు. మనకు దగ్గరలోని పెద్ద రిఫైనరీ విశాఖపట్నంలోని హెచ్‌పీసీఎల్‌ది. 1957లో కాల్టెక్స్ సంస్థ నెలకొల్పిన ఈ కర్మాగారం తర్వాత జాతీయమై హెచ్‌పీసీఎల్‌లో కలిసింది. ఓడల్లో వచ్చే ముడి చమురును శుద్ధి చేయడం దీని పని. ఆపత్కాలం కోసం విశాఖలోనే భూగర్భ గుహలో 13.3 లక్షల టన్నుల ముడి చమురు నిల్వ చేసే ఏర్పాటు కూడా ఉంది. విశాఖ నుంచి విజయవాడ మీదుగా ఘట్‌కేసర్ వరకు సుమారు 570 కిలోమీటర్ల పైపులైను పెట్రోలు, డీజిలు వంటి ఉత్పత్తులను మోసుకొస్తుంది. పైపులైను లేని చోటికి రైలు వాగన్లు, చివరి అంచెలో రోడ్డు ట్యాంకర్లు ఆధారం. సికింద్రాబాద్-కాజీపేట రైలుమార్గంపై ఉండటంతో చర్లపల్లి ఈ వ్యాపారానికి అనువైన చోటైంది. 2025 జనవరి 6న ప్రారంభమైన కొత్త రైల్వే టెర్మినల్‌తో ప్రయాణికుల రద్దీ కూడా ఇటు మళ్లింది.

విమానాశ్రయాల విషయానికొస్తే, చెన్నైలో మనలి రిఫైనరీ నుంచి, బెంగళూరులో దేవనగొంది టెర్మినల్ నుంచి విమానాశ్రయానికి ప్రత్యేక ఏటీఎఫ్ పైపులైన్లు ఉన్నాయి. 2008 మార్చిలో బేగంపేట నుంచి పౌర విమానాలు శంషాబాద్‌కు తరలినప్పుడు అక్కడ ‘ఓపెన్ యాక్సెస్’ విధానంలో ఇంధన నిల్వ కేంద్రం ఏర్పాటైంది. ఏ ఒక్క కంపెనీకో పరిమితం కాకుండా, సరఫరాదారులెవరైనా నిర్ణీత రుసుము చెల్లించి దానిని వాడుకోవచ్చు. ఏటీఎఫ్ ధరను ఆయిల్ కంపెనీలు ప్రతి నెలా ఒకటో తేదీన సవరిస్తాయి. పెట్రోలు, డీజిలు మాదిరిగానే ఇదీ జీఎస్టీ పరిధిలో లేదు.

ముప్పు ఎక్కడ?

ఓడ నుంచి పైపులోకి, పైపు నుంచి ట్యాంకులోకి, ట్యాంకు నుంచి లారీలోకి ఇంధనం చేతులు మారే చోటే ముప్పు ఎక్కువ. 1997 సెప్టెంబరు 14న విశాఖ రిఫైనరీలో, ఓడ నుంచి వంటగ్యాస్ దించుకునే క్రమంలో జరిగిన లీకేజీతో చెలరేగిన మంటలకు దాదాపు 60 మంది బలయ్యారు. 2018 జనవరిలో మనకు కూతవేటు దూరంలోని మేడిపల్లి ప్రాంతంలో ఒక షెడ్డు వద్ద ఆగి ఉన్న ఆయిల్ ట్యాంకరు పేలి పలువురు గాయపడ్డారు. ఖాళీ అయిన ట్యాంకరు భద్రమని చాలామంది భావిస్తారు. నిజానికి అందులో మిగిలిన ఆవిరి నిండు ట్యాంకరు కంటే తేలిగ్గా పేలుతుంది.

సరఫరా ఆగినా ఇబ్బందే. హిట్ అండ్ రన్ కేసుల్లో శిక్ష పెంచడాన్ని నిరసిస్తూ 2024 జనవరి ఆరంభంలో డ్రైవర్లు ట్యాంకర్లు ఆపేయగా, ఒక్క రోజులోనే నగరంలో బంకుల వద్ద కిలోమీటర్ల కొద్దీ వాహనాలు నిలిచిపోయాయి. ఓడ, పైపులైను, రైలు అన్నీ సవ్యంగా ఉన్నా చివరి పది కిలోమీటర్లలో స్టీరింగ్ పట్టే మనిషి లేకపోతే గొలుసు తెగినట్లేనని ఆ రోజు అందరికీ తెలిసివచ్చింది.

ఇవి పాటించాలి

ట్యాంకరు బోల్తాపడినా, కారుతున్నట్లు కనిపించినా దగ్గరకు వెళ్లరాదు. కారిన ఇంధనాన్ని డబ్బాల్లో పట్టుకోవాలనుకోవడం ప్రాణాలతో చెలగాటమే. గాలి వీచే దిశకు ఎదురుగా దూరం వెళ్లాలి. సమీపంలో వాహనాలు స్టార్ట్ చేయడం, బీడీ, సిగరెట్ వెలిగించడం, సెల్‌ఫోన్ వాడటం చేయరాదు. దూరం వెళ్లాకే 101 లేదా 112కు ఫోన్ చేయాలి. వంటగ్యాస్ లీకేజీ అయితే 1906 నంబరు 24 గంటలూ పనిచేస్తుంది. కాలనీల మధ్య ట్యాంకర్లు నిలిపినా, వెల్డింగ్ పనులు చేస్తున్నా అధికారుల దృష్టికి తేవాలి.

ఉత్తర సముద్రంలో లేకపోయింది కాపలా కాసే ఒక మనిషి మాత్రమే. ఓడ బ్రిడ్జిపై గానీ, టెర్మినల్ గేటు వద్ద గానీ, మన వీధి మలుపులో గానీ ఆ మనిషి అవసరం ఒక్కటే.