బ్రహ్మావర్ చీలిక: ఒక తీర చరిత్ర

మన నారాయణఖేడ్ కర్ణాటక సరిహద్దున ఉంది. అదే రాష్ట్రపు సముద్రతీరంలో, ఉడుపి దగ్గరి బ్రహ్మావర్‌లో జరిగిన ఒక మత చీలిక కథ ఇక్కడ చాలామందికి తెలియదు.

బ్రహ్మావర్‌లోని కొంకణి క్యాథలిక్కులు గోవా ఆర్చిబిషప్ పాలనలో ఉండేవారు. 1886లో పోపుకూ పోర్చుగల్‌కూ కుదిరిన ఒడంబడిక తర్వాత వారు మంగళూరు మేత్రాసనం కిందికి వచ్చారు. నిర్ణయం దూరదేశాల్లో జరిగింది. తరతరాల అనుబంధం తెగింది మాత్రం ఇక్కడ.

గోవా గురువు ఫాదర్ ఆల్వారిస్ దీన్ని వ్యతిరేకించారు. 1889లో కేరళలోని కొట్టాయంలో మలంకర సిరియన్ సభ ద్వారా మార్ జూలియస్ పేరుతో బిషప్ అయ్యారు. సిలోన్‌లోనూ కొందరు ఆయనను అనుసరించారు. వీరు క్రీస్తును కాదనలేదు. తమ గుడిపై ఎవరి అధికారం చెల్లాలన్నదే వీరి ప్రశ్న. పత్రికలు నడిపి ప్రభుత్వాన్ని విమర్శించిన ఆల్వారిస్‌ను పోర్చుగీసువారు అరెస్టు చేశారు. గోవాలో పేదలకూ రోగులకూ సేవ చేస్తూ ఆయన 1923లో కన్నుమూశారు.

సిలోన్‌లో ఉద్యమం నిలవలేదు. బ్రహ్మావర్‌లో ఫాదర్ నొరోన్హా ప్రజల మధ్యే ఉండిపోయారు, సంఘం నిలిచింది. 2010లో అది మలంకర ఆర్థడాక్స్ సభలో ప్రత్యేక మేత్రాసనమైంది.

మన మెదక్ ప్రాంతపు వెస్లియన్ సంఘాలు 1947లో ఇతర సభలతో కలిసి దక్షిణ ఇండియా సంఘంలో చేరాయి. అక్కడ చీలిక, ఇక్కడ కలయిక. రెండింటినీ నిలబెట్టింది ఒప్పందపు కాగితాలు కాదు, ఊళ్లోని జనమే.