మనోవ్యధకు సలహా ఎక్కడ? బీమా వర్తించేది ఎంతవరకు?

సిరిసిల్ల: మగ్గాలకు పని లేక, అప్పు తీరక నేత కార్మికులు ప్రాణాలు తీసుకున్న ఉదంతాలు సిరిసిల్ల అనేకం చూసింది. గల్ఫ్‌కు వెళ్లినవారి కోసం ఎదురుచూసే కుటుంబాలు జగిత్యాల, కోరుట్లలో కోకొల్లలు. అయినా మనసు బాగాలేదని వైద్యుని వద్దకు వెళ్లడానికి జంకుతో పాటు ఖర్చు భయమూ అడ్డొస్తోంది.

పైసా ఖర్చు లేని మార్గం 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన ఈ టెలీ మానస్ నంబరులో రేయింబవళ్లు తెలుగులో మాట్లాడవచ్చు. ప్రాణం మీదికి తెచ్చుకునే ఆలోచనలు వస్తుంటే బీమా సంగతి పక్కనపెట్టి తక్షణం దీనికే ఫోన్ చేయాలి. నేరుగా వెళ్లదలచినవారు ముందు జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో వాకబు చేయడం మేలు.

ప్రైవేటులోనైతే ఎవరు ఎవరో తెలియాలి. మందులు రాసేది మానసిక వైద్యుడు. ఆయనకు వైద్య మండలి రిజిస్ట్రేషన్ ఉంటుంది. క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి నమోదు ఉండాలి. కౌన్సెలర్ అన్న బోర్డు ఒక్కటే అర్హత కాదు. చదువేమిటని అడగడం అమర్యాద కానే కాదు.

ఇక బీమా. శారీరక రోగాలతో సమానంగా మానసిక రోగాలకూ బీమా ఇవ్వాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ నిర్దేశిస్తోంది. చిక్కంతా ఇక్కడే. సాధారణ పాలసీలు చాలావరకు ఆసుపత్రిలో చేరితేనే చెల్లిస్తాయి; గంటసేపు మాట్లాడి వచ్చే కౌన్సెలింగ్ ఫీజు రావాలంటే పాలసీలో ఓపీ సదుపాయం ప్రత్యేకంగా ఉండాలి. ‘బీమా కార్డులు చెల్లును’ అన్న మాట కౌంటరు వద్ద విని ఊరుకోరాదు. కార్డుపై ఉన్న నంబరుకు ఫోన్ చేసి, ఫలానా ఆసుపత్రి ఈ రోజు నెట్‌వర్క్‌లో ఉందా, మానసిక చికిత్సకు నగదు రహిత సేవ ఉందా, నిరీక్షణ కాలం ఎంత అని అడిగి, జవాబును ఈమెయిల్‌లో తెప్పించుకోవాలి. ఆరోగ్యశ్రీ వారు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగవచ్చు.

గతంలో మందులు వాడిన సంగతి దరఖాస్తులో దాచితే క్లెయిము తిరస్కరణకు అదే సాకవుతుంది. పరువు పోతుందని దాచేవారే ఎక్కువ.

అన్యాయంగా తిరస్కరిస్తే మొదట కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. బీమా నియంత్రణ సంస్థ నంబరు 155255. కంపెనీ నెల రోజుల్లో పరిష్కరించకుంటే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను రుసుము లేకుండా ఆశ్రయించవచ్చు.