గ్రంథాలయం ఉంది, గ్రంథపాలకుడు లేడు: తెలంగాణలో బడి పుస్తకాల చరిత్ర – జీడిమెట్ల సందర్భం

తెలుగునాట గ్రంథాలయోద్యమాన్ని సాధారణంగా జాతీయోద్యమంలో భాగంగా పరిశీలిస్తారు. అదే చరిత్రను బడి వైపు నుంచి చదివితే మరొక విషయం తేటపడుతుంది. ప్రజలకు పుస్తకం చేర్చిన వ్యవస్థ, పిల్లలకు చదువు చెప్పిన వ్యవస్థ తెలంగాణలో మొదటినుంచీ వేర్వేరుగా పెరిగాయి. ఆ ఎడం ఎలా ఏర్పడింది, జీడిమెట్ల వంటి పారిశ్రామికవాడలోని ఉపాధ్యాయుడికి అది నేడు ఏ రూపంలో ఎదురవుతోంది అన్నవి ఈ వ్యాసంలో పరిశీలనాంశాలు.

బడి బయట పుట్టిన గ్రంథాలయం

1901 సెప్టెంబర్ 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు దాని స్థాపనకు మూలపురుషులు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, 1906లో హైదరాబాదులోనే విజ్ఞానచంద్రికా మండలి ఏర్పడ్డాయి. నిజాం రాజ్యంలో అధికారభాష ఉర్దూ. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ బోధన ఉర్దూలోనే సాగింది. తెలుగులో చరిత్రనో విజ్ఞానశాస్త్రాన్నో చదవగోరినవారికి బడిలో దొరకని పాఠాన్ని భాషానిలయాలు, మండలి ప్రచురణలు అందించాయి. ఈ విధంగా తెలంగాణలో గ్రంథాలయం బడికి తోడుగా గాక, చాలావరకు బడికి బదులుగా నిలిచింది.

కోస్తా ప్రాంతంలో పరిస్థితి కొంత భిన్నం. 1914లో బెజవాడలో ఏర్పడిన ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం ఊరూరా ఉన్న గ్రంథాలయాలను ఒక తాటిపైకి తెచ్చింది. 1915లో మొదలైన 'గ్రంథాలయ సర్వస్వం' గ్రంథపాలకులకు తమదంటూ ఒక పత్రికను ఇచ్చింది. అయ్యంకి వెంకటరమణయ్య చొరవతో 1919 నవంబర్ 14న మద్రాసులో అఖిల భారత పౌర గ్రంథాలయ సభ జరిగింది. 1930ల నాటికి కృష్ణా కాలువల మీద పడవల్లో సైతం పుస్తకాలు పాఠకుల వద్దకు ప్రయాణించాయి. అయితే ఈ కృషిలోనూ ప్రధాన లక్ష్యం వయోజన పాఠకుడే.

రెండు చట్టాల నడుమ

ఉద్యమం సాధించినదానికి చట్టాలు స్థిరరూపం ఇచ్చాయి. 1948లో మద్రాసు, 1955లో హైదరాబాదు రాష్ట్రాలు పౌర గ్రంథాలయ చట్టాలు చేశాయి. 1960లో ఆంధ్రప్రదేశ్ అంతటికీ ఒకే చట్టం వచ్చింది. జిల్లా గ్రంథాలయ సంస్థలు, ఇంటిపన్నుతో కలిపి వసూలుచేసే గ్రంథాలయ పన్ను ఈ చట్టం ఇచ్చిన బలాలు. బడి గ్రంథాలయం మాత్రం విద్యాశాఖ వ్యవహారంగా మిగిలింది.

2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి బడిలో గ్రంథాలయం ఉండాలనీ, వార్తాపత్రికలు, పత్రికలు, కథల పుస్తకాలతో సహా అన్ని విషయాల పుస్తకాలు అందులో లభించాలనీ తన షెడ్యూలులో పేర్కొన్నది. అదే షెడ్యూలు ఆరు నుంచి ఎనిమిది తరగతులున్న, వందమందికి మించి పిల్లలు గల బడికి చిత్రలేఖనం, వ్యాయామం, పనివిద్యలకు పాక్షికకాల బోధకులను సూచించింది. గ్రంథపాలకుడి ప్రస్తావన అందులో లేదు. ప్రాథమిక తరగతులకు 200, ఆపై తరగతులకు 220 పనిదినాలు, ఉపాధ్యాయుడికి తయారీతో కలిపి వారానికి 45 గంటలు లెక్కగట్టిన షెడ్యూలు, పుస్తకాలు ఎంచడానికీ ఇచ్చి పుచ్చుకోవడానికీ పట్టే కాలాన్ని విడిగా లెక్కించలేదు. 2018 నాటి సమగ్ర శిక్ష బడి స్థాయిని బట్టి ఏటా 5,000 నుంచి 20,000 రూపాయల దాకా గ్రంథాలయ నిధిని ఏర్పరచింది. పుస్తకం కొనడానికి దారి ఏర్పడింది గాని, దాన్ని పిల్లవాడి చేతికి చేర్చే మనిషి సంగతి అలాగే ఉండిపోయింది.

జీడిమెట్లలో ఈ లోటు రూపం

కుత్బుల్లాపూర్ ప్రాంతంలోని జీడిమెట్ల పాత భాషానిలయాల వారసత్వం గల ఊరు కాదు. కర్మాగారాల చుట్టూ పెరిగిన నివాసప్రాంతం. తెలుగు జిల్లాలవారితోపాటు ఒడిశా, బీహార్ వంటి రాష్ట్రాల శ్రామికులూ ఇక్కడికి వలస వస్తారు. పని మారితే ఇల్లు మారుతుంది. ఇల్లు మారితే విద్యాసంవత్సరం నడుమనే బడి మారుతుంది. ఇటువంటి పిల్లలను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలని విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ చెబుతుంది. పదేళ్ల వయసులో తెలుగు అక్షరం ఎరుగని పిల్లవాడు ఐదో తరగతిలో కూర్చోవడం అందువల్ల న్యాయమే. కాని ఐదో తరగతి వాచకం అతనికి అందదు. 2022–23లో తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ప్రవేశించిన ద్విభాషా పాఠ్యపుస్తకాలు తెలుగు, ఇంగ్లీషుల నడుమ వంతెన వేశాయి. ఒడియా, హిందీ ఇంటిభాషగా గల పిల్లవాడికి ఆ వంతెన రెండు కొసలూ కొత్తవే.

ఇక్కడ వాచకం చేయలేని పనిని గ్రంథాలయం చేయగలదు. బొమ్మల పుస్తకం, ఒక్క వాక్యపు కథ, ఇంటిభాషలోని కథ, వయసుకు తగిన సులభ తెలుగు కథ అనే మెట్లుగా పుస్తకాలను అమర్చడం గ్రంథపాలక విద్య. ఏ పిల్లవాడు ఏ మెట్టు మీద ఉన్నాడో గుర్తించడం ఉపాధ్యాయుడి ఎరుక. ఒకరి పని మరొకరికి తెలియనంతకాలం నిధితో కొన్న పుస్తకం బీరువా దాటదు.

తిరిగి కలపదగిన దారులు

జీడిమెట్ల ఇళ్ల, కర్మాగారాల ఆస్తిపన్నులోనూ గ్రంథాలయ పన్ను వాటా ఉంది. శాఖా గ్రంథాలయం నుంచి నెలకొక పుస్తకాల పెట్టె బడికి వెళ్లి, మరుసటి నెల మరో బడికి మారితే పడవ గ్రంథాలయపు ఆలోచనే పారిశ్రామికవాడకు తగినట్లు మారుతుంది. పెట్టెతోపాటు మెట్లవారీ జాబితా ఉంటే ఉపాధ్యాయుడి కాలం ఆదా అవుతుంది. పాఠకుడి కాలం ఆదా చేయాలన్నది 1931లో రంగనాథన్ ప్రతిపాదించిన గ్రంథాలయ సూత్రాల్లో ఒకటి. ప్రారంభానికి తగిన రోజు విద్యాసంవత్సరపు క్యాలెండరులోనే ఉంది. నవంబర్ 14 బాలల దినోత్సవం. జాతీయ గ్రంథాలయ వారోత్సవాలకు తొలిరోజూ అదే. ఒకే తేదీన బడి ఒక పండుగను, శాఖా గ్రంథాలయం మరొక పండుగను విడివిడిగా జరుపుకోవడం ఒక శతాబ్దపు ఎడానికి గుర్తు. ఆ రోజు మొదటి పెట్టె బడికి చేరితే ఆ ఎడం తగ్గడం మొదలవుతుంది.